పెట్టింది రాసిన పుస్తకం

మా అత్తగారు తిన్న ప్రతి మెతుకూ ఏడాదిన్నర పాటు రాసిపెట్టినదాన్ని నేను. రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం, మా బడిలో పిల్లలు వాడే రకమే. గోధుమరంగు కాగితంతో అట్ట వేసి, పైన ‘ఆహారం’ అని ఎర్రసిరాతో పెద్దగా రాశాను. అప్పట్లో దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తొంభైల చివరి రోజులవి. నర్సీపట్నంలో మా ఇంట్లో సోమవారం నుంచి శనివారం దాకా ఇద్దరమే ఉండేవాళ్ళం, ఆవిడా నేనూ. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన కొయ్యూరు దాటి ఇంకా పైన, కొండల్లో ఒక ఊరి బడిలో మేష్టారు. శనివారం సాయంత్రం బస్సుకి దిగేవాడు, సోమవారం పొద్దున్న మళ్ళీ ఎక్కేవాడు. నేను బలిఘట్టంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. లెక్కల టీచర్ని కదా, ఏదైనా కొలిచి రాస్తే నిజం దానంతటదే బయటపడుతుందని నాకో గట్టి నమ్మకం. దానికి తోడు కోపం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అక్కడే ఉంది.

అత్తగారికి షుగరు. అంతకుముందు వాళ్ళ అక్కకీ ఉండేది. ఆవిడకి మొదట కాలి వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, ఆ తర్వాత మోకాలి దాకా తీశారు, అయినా మనిషి దక్కలేదు. అక్కని చివరి రోజు వరకూ కనిపెట్టుకుని చూసింది మా అత్తగారే. అందుకే ఆవిడ అరికాలిలో గుచ్చుకున్న ముల్లు పుండై రెండు నెలలకీ మానకపోయేసరికి ఇద్దరికీ గుండెలు జారిపోయాయి. ఒకరోజు నేను కట్టు కడుతుంటే ఆవిడ నా నెత్తి మీద చెయ్యి వేసి, “నా కాలు ఉంచుతారంటావేటే?” అని అడిగారు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఆ మాట నవ్వకుండా అడిగారు. నాకు అమ్మ చిన్నప్పుడే పోయింది. ఈవిణ్ణి కూడా పోగొట్టుకోను, ఏమైనా సరే బతికించుకుంటాను అని ఆ పూట అక్కడే అనుకున్నాను.

ఊళ్ళో మేము చూపించుకునే డాక్టరుగారు పెద్దాయన, మాటలు తక్కువ. “ఏం తింటున్నారని అడిగితే అందరూ ఏమీ తినట్లేదండీ అనే అంటారు. నాకు ఆ మాట వద్దు. తిన్నదల్లా ఒక పుస్తకంలో రాయండి. నెలకోసారి రక్తం రిపోర్టుతో పాటు పట్రండి, రెండూ చూసి మందు ఎంత వెయ్యాలో చెబుతాను,” అన్నారు. మర్నాడే పుస్తకం కొన్నాను.

పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, ఒక గ్లాసు, పచ్చి ఉల్లిపాయ ముక్క. మధ్యాహ్నం అన్నం, కూర, మజ్జిగ. సాయంత్రం చక్కెర లేని టీ. రాత్రి రెండు చపాతీలు. పొద్దునా రాత్రీ తిండికి ముందు బిళ్ళ. అన్నానికి మా ఇంట్లో ఉన్న చిన్న స్టీలు గ్లాసుని కొలతగా పెట్టాను. తలకొట్టి గ్లాసుడు బియ్యం, గింజ ఎక్కువా కాదు, తక్కువా కాదు. నేను ఎనిమిదింటికే బడికి వెళ్ళిపోయేదాన్ని కాబట్టి, ఆవిడ మధ్యాహ్నం బియ్యం పొద్దున్నే కొలిచి చిన్న గిన్నెలో పోసి పళ్ళెం మూత పెట్టేదాన్ని. పుస్తకంలో కూడా అప్పుడే రాసేసేదాన్ని: మధ్యాహ్నం, గ్లాసుడు. సాయంత్రం మళ్ళీ ఎక్కడ గుర్తుంటుంది అని.

ఇంటికి రాగానే అడిగేదాన్ని. “తిన్నారా అత్తమ్మా?”

“తినీసినాను.”

“వండింది అంతా తిన్నారా?”

“గిన్నె కడిగి బోర్లించీసినాను, సూసుకో.”

నేను వెళ్ళి చూసేదాన్ని కూడా. గిన్నె నిజంగానే కడిగి బోర్లించి ఉండేది.

ఆవిడ ఆ పుస్తకాన్ని చూసి వేళాకోళం ఆడేవారు. “పైన దేవుడొక పుస్తకం రాత్తన్నాడు, కిందన నువ్వొకటి రాత్తన్నావు. ఆయనంటే దయగల్లోడు, ఏదో సెరిపేత్తాడు. నీ సేతిలో పడితే మరి తప్పించుకోడం లేదమ్మా,” అనేవారు. ఒకసారి ఎవరింటికో పెళ్ళికెళ్ళి బూరె సగం తిని వచ్చి, తనే ఒప్పుకుని, “కాకెంగిలంత తిన్నాను, రాసుకో తల్లీ,” అన్నారు. నేను నవ్వలేదు. ఎర్రసిరాతో రాసి, వారం రోజులు సాధించాను. వీధిలో మాట పుట్టింది, మాస్టారి పెళ్ళాం అత్తని గ్లాసుతో కొలిచి పెడుతుందట, ముసలిదాని కడుపు మాడుస్తుందట అని. నేను కుళాయి దగ్గరికెళ్ళి అక్కడున్న నలుగురినీ ఉతికి ఆరేశాను. అత్తగారు వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళుతూ వాళ్ళతో, “నా కోడలు నా కాలు కాపాడతంది, మీకేటి తెలుసు?” అన్నారు. మూడు నెలలకి పుండు మానింది. పుస్తకంలో ‘మానింది’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు నేను, సంతోషం పట్టలేక.

ఇక్కడ మా ఇళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మాది మిషను కాలం నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. మా ఆడవాళ్ళు వంటకి బియ్యం తీయగానే, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి సంచిలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. నెలాఖరున స్త్రీల సమాజం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఆ సంచులు పోగుచేస్తారు. ఆ బియ్యం దిక్కులేనివాళ్ళకి పోతుంది. అత్తగారికి వాళ్ళమ్మ నేర్పారు, నాకు అత్తగారు నేర్పారు. వంటింటి తలుపు వెనక మేకుకి ఒక తెల్లగుడ్డ సంచి ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు? ఇంటి బియ్యం డబ్బాలోంచి తీసే ఆ పిడికెడు నా పుస్తకంలోకి వచ్చేది కాదు. ఎవరూ తినేది కాదు కదా, రాయడమెందుకు అనుకున్నాను.

రెండో ఏడు వానల్లో మా ఆయనకి కొండ మలేరియా పట్టుకుంది. ఒకసారి తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. రెండోసారి ఒళ్ళు తెలియని జ్వరంలో జీపులో వేసుకుని కిందకి దించారు. కళ్ళు పచ్చగా, పెదాలు పగిలిపోయి, నన్ను చూసి బడిపిల్లని పిలిచినట్టు ఏదో అన్నాడు. ఆ కొండల్లోనే పక్క ఊరి మేష్టారికి జ్వరం మెదడుకెక్కి ప్రాణం పోయిందని అప్పటికే విన్నాం. అత్తగారు కొడుకు మంచం దగ్గర కూర్చుని తడిగుడ్డ మారుస్తూ, “ఆడు కొండ దిగాల. ఏటి సేసైనా ఆడు కొండ దిగాల,” అని అదే మాట అంటూ ఉండేవారు. ఆయన కోలుకున్నాడు, మళ్ళీ కొండెక్కాడు. బదిలీకి అర్జీ పెట్టి అప్పటికే చాలాకాలం. జాబితాలు వస్తున్నాయి, పోతున్నాయి, మా పేరు మాత్రం రావడం లేదు.

ఆ తర్వాతి నెలల్లోనే అత్తగారి లెక్క తప్పడం మొదలైంది. పుస్తకంలో అంతా సరిగ్గానే ఉంది. రక్తంలో మాత్రం షుగరు ఎక్కువ కనబడుతోంది. రక్తపరీక్ష మాకు ఎప్పుడూ సోమవారమే. మా ఆయనే పొద్దున్న తల్లిని వెంటబెట్టుకెళ్ళి రక్తం ఇప్పించి, ఆవిణ్ణి రిక్షా ఎక్కించి, తను కొయ్యూరు బస్సు ఎక్కేవాడు. ఆ నెలల్లో ఆదివారం కొడుకు పక్కన కూర్చుని ఆవిడ కాస్త కడుపునిండా తినేవారు. వారానికొక్కరోజే కదా అని నేనూ ఊరుకునేదాన్ని. సోమవారం రక్తం ఆదివారం తిండినే చెబుతుందనీ, మిగతా ఆరు రోజుల సంగతి దానికి తెలియదనీ నాకు తట్టలేదు. లెక్కలు చెప్పే పంతులమ్మకి తట్టలేదు.

నాకు తట్టింది ఒకటే. ఈవిడ చాటుగా తింటోంది.

ఒకరోజు అనుమానం నిజమైంది. మా పుట్టిల్లు ఎస్. రాయవరం దగ్గర పల్లె, నాన్నకి చెరకు తోటలు. ఏటా కొత్త బెల్లం దిమ్మ ఒకటి పంపేవారు. అటక కింద డబ్బాలో పెట్టిన ఆ దిమ్మ ఒక పక్కన గీరి ఉంది. డబ్బా మూత మీద చీమలు బారు కట్టాయి. తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

“ఇదేంటి అత్తమ్మా?”

ఆవిడ తల దించుకున్నారు. “ఒళ్ళు తూలిపోతంటే సిన్న ముక్క నోట్లో ఏసుకున్నాను.”

“తూలిపోతే బెల్లం తింటారా? షుగరు ఎక్కువైనా తూలుతుంది! మీ అక్కలా అవ్వాలనుందా మీకు? చెప్పండి, అలాగే అవ్వాలనుందా?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ బెల్లం దిమ్మని నా వైపు జరిపారు. “తప్పయిపోనాది. రాసుకో,” అన్నారు. రాసుకున్నాను. ఎర్రసిరాతోనే.

ఆ సోమవారం సెలవు పెట్టి డాక్టరుగారి దగ్గరికి నేనే వెళ్ళాను. “చాటుగా తింటున్నారండి. పుస్తకంలో ఉన్నది కాక ఇంకా తింటున్నారు. బెల్లం పట్టుకున్నాను,” అని ఫిర్యాదు చేశాను. ఆయన పుస్తకం చూశారు, రిపోర్టు చూశారు, నా మొహం చూశారు. బిళ్ళ మోతాదు పెంచి రాశారు. “టైముకి తిండి మాత్రం తప్పకూడదు, జాగ్రత్త,” అన్నారు. ఆ జాగ్రత్త నాకెందుకు, నా పుస్తకముంది కదా అనుకున్నాను. ఇంటికి రాగానే బెల్లం దిమ్మ, చక్కెర డబ్బా, ఆఖరికి ఎవరో కొండమీది నుంచి తెచ్చిచ్చిన తేనె సీసా కూడా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా హ్యాండుబ్యాగులో వేసుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ చిక్కిపోయారు. జాకెట్టు చేతులు వదులయ్యాయి. మధ్యాహ్నాలు దడ వస్తోందనీ, చెమట పడుతోందనీ, కళ్ళ ముందు మసకలు కమ్ముతున్నాయనీ ఒకటి రెండుసార్లు అన్నారు. “గుండె ఒకటే కొట్టుకుంటందే,” అన్నారు. “బెల్లం మానిపించాను కదా, అందుకే. నాలుగు రోజులు పోతే అలవాటు పడతారు,” అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు పడిపోతే బాగుండేది అనిపిస్తుంది. ఆవిడ మరి ఆ ఊసు ఎత్తలేదు.

నెలాఖరు గురువారం. సంచులు పోగుచేసే రోజు. మా బడిలో ఆఖరి పీరియడు నడుస్తుండగా ఎవరో సైకిలు మీద వచ్చి, మీ అత్తగారు పడిపోయారు, బేగి రమ్మంటున్నారు అని చెప్పారు. ఆటో ఎక్కి ఎలా వచ్చానో నాకు తెలీదు. వంటింట్లో, ముందుగదిలో జనం. సంచి కోసం వచ్చిన పెద్దమ్మగారే మొదట చూశారట. పెద్దమ్మగారంటే స్త్రీల సమాజంలో బియ్యం పోగుచేసే ఆవిడ, అత్తగారికి చిన్ననాటి స్నేహితురాలు, ఇద్దరూ మిషను బోర్డింగులో కలిసి చదువుకున్నారు. ఆవిడ నేల మీద కూర్చుని అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు.

అత్తగారు పడిపోయింది వంటింట్లో కాదు. బీరువా ముందు. ఒళ్ళంతా చెమటతో తడిసి చల్లగా ఉంది, పళ్ళు గిట్టకరుచుకుని ఉన్నాయి. బీరువా పిడి మీద, దాని చుట్టూ తడి చేతి మరకలున్నాయి.

ఇది కూడా చెప్పాలి, దాచుకుని ఏం లాభం. నేను వంగి మొదట చేసిన పని ఆవిడ నోరు వాసన చూడటం. బెల్లం తిన్నారేమోనని. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి చూశాను. మూడు దాటినా పొయ్యి వెలిగించలేదు. ఎసరు నీళ్ళు చల్లగా ఉన్నాయి. నేను పొద్దున్న కొలిచి పెట్టిన గిన్నెలో అడుగున పిడికెడు బియ్యమే ఉంది. మిగతావి ఏమయ్యాయి అనుకున్నానే తప్ప, తలుపు వెనక మేకు వైపు చూడలేదు.

డాక్టరుగారు వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించారు. మనిషి కదిలారు గానీ తెలివి రాలేదు. విశాఖపట్నం తీసుకెళ్ళమన్నారు. ఆ పెద్ద ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ నన్ను అడిగింది. “షుగరు బాగా పడిపోయింది. ఎంతసేపు అలా ఉన్నారు?” నాకు తెలీదు. “పొద్దుట్నుంచీ ఏం తిన్నారు?” నా సంచిలో పుస్తకముంది. తీసి చూపించాను. మధ్యాహ్నం, గ్లాసుడు, అని ఉంది. అత్తగారు తినని అన్నం, నా చేతిరాతలో చక్కగా రాసి ఉంది. ఆ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టాను.

రెండోరోజు పెద్దమ్మగారు బస్సెక్కి విశాఖపట్నం వచ్చారు. వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. నేను ఏడుస్తూనే, “గిన్నెలో బియ్యం ఏం చేశారో, ఏం తిన్నారో, నాకు ఒక్క ముక్క చెప్పలేదు పెద్దమ్మగారూ,” అన్నాను. ఆవిడ నావైపు వింతగా చూశారు.

“నీకు తెలీదేటమ్మా?”

“ఏంటి?”

“మొక్కుకున్నాది కాదేటి. కొడుకు కొండ దిగేదాకా తన వాటాలోంచి పిడికెడు దేవుడికని. ఇంట్లో డబ్బాలోది కాదు, తన నోటికాడిది. ఆదివారం కొడుకుంటాడు, ఆడు కనిపెట్టేత్తాడని ఆ ఒక్కనాడు మానీది. మొదట ఒక పిడికెడు. జాబితాలో పేరు రానేదని ఈ మజ్జిన రెండు సేసింది. ఇద్దరం కలిసి ప్రార్థన సేసుకున్నాం. ఎవరికీ సెప్పొద్దని నాకాడ మాట తీసుకున్నాది.”

“నాకెందుకు చెప్పలేదు? నాకు చెబితే ఏమయ్యేది?”

పెద్దమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. “సెప్తే నువ్వూరుకుంటావేటి? గ్లాసు మళ్ళీ నింపి పెడతావు. అప్పుడది నువ్విచ్చిన బియ్యమవుతాది గాని తనిచ్చింది కాదు. అదే అన్నాది నాతోటి.”

గ్లాసుడు అంటే మూడు పిడికెళ్ళు. అందులో రెండు పోతే ఒకటి. పెంచిన బిళ్ళ మింగి, పిడికెడు బియ్యం అన్నం తిని, ఒళ్ళు తూలిపోతుంటే బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఆవిడ నెట్టుకొచ్చారు. ఆ బెల్లాన్ని నేను తాళంలో పెట్టాను. ఎక్కువ తింటోందని నేను అరిచిన రోజుల్లో ఆవిడ ఆకలితో ఉన్నారు. ఆవిడ నోరు తెరిచి ఒక్కసారి తిరిగి అరిచినా బాగుండేది. నా కోపానికి భయపడి నోరు మూసుకున్నారు, కొడుకు కోసం కడుపు మాడ్చుకున్నారు.

ఇంటికి వచ్చాక మేకు మీది సంచి దించాను. ఆ గొడవలో దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు. చాప పరిచి బియ్యం కుమ్మరించి అదే స్టీలు గ్లాసుతో కొలవడం మొదలుపెట్టాను. ఎందుకు కొలిచానో తెలీదు, కొలవడం తప్ప నాకింకేం వచ్చు? పన్నెండో గ్లాసు దగ్గర ఆపేశాను. చాప మీద బియ్యం ఇంకా ఉంది.

పుస్తకం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. నన్ను తిడతారని ఎదురు చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మీరు పెట్టింది రాశారమ్మా. ఆవిడ తిన్నది ఎవరు రాశారు?” అన్నారు. పుస్తకం మూసి నాకిచ్చి, “నేనూ అడగలేదు,” అన్నారు.

పదిహేను రోజులకి అత్తగారిని ఇంటికి తెచ్చుకున్నాం. మనిషి వచ్చారు గానీ మా మనిషి రాలేదు. మెదడుకి దెబ్బ తగిలింది, ఇక ఇంతే అన్నారు. నడిపిస్తే నడుస్తారు, తినిపిస్తే తింటారు. చిన్నప్పటి బోర్డింగు గంట, వాళ్ళమ్మ, వాళ్ళ అక్క, ఇవన్నీ చెబుతారు. నిన్నటిది ఉండదు, ఇందాకటిదీ ఉండదు. ఆసుపత్రిలో అన్నాళ్ళు తెల్లచీరల మధ్య ఉండటం వల్లనో ఏమో, నన్ను నర్సు అనుకోవడం అలవాటైంది. “నర్సమ్మా, నాను తిన్నానా?” అని గంటకోసారి అడిగేవారు. ఒకప్పుడు నేను అడిగిన ప్రశ్న. ఇప్పుడు నేను పుస్తకం చూసి జవాబు చెప్పాలి.

అవును, పుస్తకం మళ్ళీ మొదలుపెట్టాను. బడి మానేశాను. ముద్ద మింగాక రాశాను, మింగకముందు ఒక్క అక్షరం రాయలేదు. ఎన్ని ముద్దలు తిన్నారు, ఎన్ని వదిలేశారు, అన్నీ రాశాను. ఎర్రసిరా కలం మాత్రం మురిక్కాలవలో పారేశాను.

మా ఆయన తన అర్జీకి ఆసుపత్రి కాగితాలు జతచేశాడు. రెండు నెలల్లో ఆర్డరు వచ్చింది. ఎస్. రాయవరం మండలంలో బడి, రోజూ వెళ్ళిరావచ్చు. తల్లి అనారోగ్యం కారణంగా, అని ఆర్డరులో రాసి ఉంది. ఆయన ఆ కాగితం తల్లి ఒళ్ళో పెట్టి, “అమ్మా, కొండ దిగిపోనాను,” అని చెప్పి భోరుమన్నాడు. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడతపెట్టి, ఆయనకే తిరిగి ఇచ్చేశారు. “మా అబ్బాయి కూడా మేష్టరేనండి. కొండమీదున్నాడు,” అన్నారు.

చర్చిలో ఆ ఆదివారం మా గురించి కృతజ్ఞత ప్రార్థన పెట్టారు. ఆ తల్లి మొక్కు దేవుడు విన్నాడు, కొడుకుని కొండ దించాడు అని ఎవరో లేచి సాక్ష్యం చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దించింది ఎవరయ్యా? దించింది ఆవిడ పోగొట్టుకున్న తెలివి. పోగొట్టింది నేను. మధ్యలో దేవుణ్ణి ఎందుకు లాగుతారు? నోటిదాకా వచ్చిన ఆ మాటలు మింగేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చేశాను. పెద్దమ్మగారు ఒక్కరే వెనకాల వచ్చారు. ఇద్దరం ఇంటిదాకా నడిచాం. పెద్దమ్మగారు మా గుమ్మంలో ఆగి, “ఆ మాట దాచి తప్పు సేసినాను,” అన్నారు. కాదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆ తర్వాత అత్తగారు మూడేళ్ళు బతికారు. రెండు కాళ్ళూ ఉన్నాయి, ఒక్క వేలు కూడా పోలేదు.

చివరి ఏడాది సంగతి. ఒక మధ్యాహ్నం ఆవిణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టి పళ్ళెం ముందు పెట్టాను. అన్నం, ఆనపకాయ కూర, మజ్జిగ. ఆ పూట తనే తింటానని మారాం చేశారు. సరేనని పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు ముద్దలు తిన్నారు, నాలుగు గీతలు గీశాను. తర్వాత ఎడంచేతిని మెల్లగా కొంగు కిందకి దాచుకోవడం చూశాను. చేతివేళ్ళ సందుల్లోంచి మెతుకులు బయటికి వస్తున్నాయి. అన్నీ మరిచిపోయిన మనిషి, కొడుకుని మరిచిపోయిన మనిషి, పళ్ళెంలోంచి పిడికెడు తీసి దాస్తున్నారు. కళ్ళు తలుపు వెనక మేకు కోసం వెతుకుతున్నాయి. ఆ సంచిని అక్కణ్ణుంచి నేను ఎప్పుడో తీసేశాను.

“అది కూడా తినాలి, తినండమ్మా,” అన్నాను.

ఆవిడ భయం భయంగా గుమ్మం వైపు చూశారు. ఎవరూ లేరని తేల్చుకుని, నన్ను దగ్గరికి రమ్మని తల ఊపారు. వంగాను. నా చెవిలో గుసగుసగా చెప్పారు.

“నర్సమ్మా, నీకు పున్నెముంటాది. మా కోడలికి సెప్పకు. రాసీత్తాది.”

కలం నా చేతిలోనే ఉంది.

“చెప్పనమ్మా,” అన్నాను.